బిర్యానీ బాకీ ఉన్నావు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, మాది మేరీల్యాండ్. బాల్టిమోర్ మా ఇంటికి అరగంట దూరం. మా తోడల్లుడుగారు బఫలోలో ఉంటారు. నాకంటే ఆరేళ్లు పెద్ద, అన్నయ్యా అని పిలుస్తాను. ఇద్దరికీ అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. ఆయన బఫలో బిల్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) జోష్ అలెన్ మనిషి, నేను మా బాల్టిమోర్ రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ మనిషిని. 2024 సీజన్‌లో ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడి అవార్డు ఎవరికి వస్తుందని పందెం వేసుకున్నాం. ఓడినవాడు అవతలివాడి ఇంటికెళ్లి ఇరవై మందికి మటన్ బిర్యానీ వండిపెట్టాలి. అవార్డు అలెన్‌కి ఇచ్చారు. నేను వండనన్నాను, ఎందుకంటే అది అన్యాయం. అంకెలన్నీ లమార్‌వే మేలు. ఓటేసిన అదే యాభై మంది అంతకు నెల ముందు ఆల్-ప్రో జట్టును, అంటే ఒక్కో స్థానంలో ఆ ఏడాది మేటి ఆటగాళ్ల జాబితాను ఎంచుతూ లమారే గొప్ప క్వార్టర్‌బ్యాక్ అన్నారు. ఇదేం లెక్క? ఈ మాటే అంటే అన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందూ "నీకు స్కోరు చూడ్డం వచ్చు, ఆట చూడ్డం రాదు" అని పెట్టారు. నేనూ ఒక మాట అన్నాను, అది ఇక్కడ రాయను. అప్పట్నుంచీ మా మధ్య మాటల్లేవు. తర్వాతి సీజన్ మొదటి వారమే ఈ రెండు జట్లకీ మ్యాచ్ పడింది, 41-40తో వాళ్లే గెలిచారు. అన్నయ్య గ్రూపులో బిర్యానీ బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నారు. మా ఆవిడా, వదినా ఫోన్లో మా ఇద్దర్నీ కలిపి తిడుతున్నారు. మీరే తేల్చండి. అసలు ఆ అవార్డు ఎవరికి రావాలి?
— లమార్ అభిమాని

జవాబు:

తమ్ముడూ,

ముందు బిర్యానీ సంగతి. వండాల్సిందే. మీ పందెం "ఎవరికి వస్తుంది" అని, "ఎవరికి రావాలి" అని కాదు. 2025 ఫిబ్రవరి 6న న్యూ ఆర్లీన్స్‌లో స్టేజీ మీద అలెన్ పేరు చదివిన నిమిషంలోనే నువ్వు ఓడిపోయావు. సంక్రాంతి బరిలో మన పుంజు ఓడిపోయాక "అయినా మాదే పౌరుషంగా పోరాడింది, డబ్బులివ్వను" అని చూడు, భీమవరంలో ఏం చేస్తారో. సరే, దీని సంగతి మళ్లీ చివర్లో మాట్లాడుకుందాం.

నువ్వు అక్కా అన్నావు కాబట్టి నువ్వనే పిలుస్తున్నాను, ఏమీ అనుకోకు. తీర్పు చెప్పేముందు నా పక్షపాతం కూడా చెప్పేస్తాను. నేనుండేది ఫిలడెల్ఫియా పక్కన. మా ఇంట్లో ఆదివారం ఈగల్స్ మ్యాచ్ ఉందంటే ఇడ్లీకి పప్పు నానబోయడం కూడా మర్చిపోతాం. మీరిద్దరూ ఆ అవార్డు మీద గొంతులు చించుకుంటుంటే, సరిగ్గా మూడు రోజుల తర్వాత అదే ఊళ్లో మావాళ్లు సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీని 40-22తో చితక్కొట్టి కప్పు పట్టుకొచ్చారు. కాబట్టి నాకు అలెన్ మీదా లమార్ మీదా ప్రేమా లేదు, పగా లేదు. ఆ సీజన్లోనే మావాళ్లు మీ బాల్టిమోర్‌కి వచ్చి మీ రేవెన్స్‌ని 24-19తో ఓడించి వెళ్లారు. అది నేను ఎత్తడం లేదు చూశావా, అంత నిష్పక్షపాతిని.

ఇక నీ ప్రశ్న. నువ్వు కోపంగా రాసిన "అదే యాభై మంది" దగ్గరే గుట్టంతా ఉంది. ఈ అవార్డు ఇచ్చేది అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ. ఏడాది పొడవునా ఆట గురించి రాసేవాళ్లూ, టీవీల్లో మాట్లాడేవాళ్లూ కలిపి యాభై మందిని పెట్టుకుని, లీగ్ మ్యాచ్‌లు అయిపోగానే, ప్లేఆఫ్స్ మొదలవకముందే ఓట్లు తీసుకుంటుంది. ఆల్-ప్రో క్వార్టర్‌బ్యాక్‌గా లమార్‌కి 30 మంది వేశారు, అలెన్‌కి 18 మంది. ఎంవీపీకి వచ్చేసరికి మొదటి స్థానం ఓట్లు అలెన్‌కి 27, లమార్‌కి 23. ఈ రెండూ కలిపితే యాభై, అంటే మొదటి స్థానం ఓటు ఒక్కటి కూడా ఇంకెవరికీ పడలేదు.

ఇప్పుడు చిన్న తీసివేత చెయ్యి. లమార్ అందరికంటే గొప్ప క్వార్టర్‌బ్యాక్ అన్నవాళ్లు 30, అతనికి ఎంవీపీ ఇచ్చినవాళ్లు 23. తక్కువలో తక్కువ ఏడుగురు "క్వార్టర్‌బ్యాక్‌లలో మేటి లమార్, అయినా ఎంవీపీ అలెన్" అని ఓటేశారన్నమాట. వీళ్లు నెల తిరక్కుండా మాట మార్చారని నువ్వంటున్నావు, కానీ రెండు ఓట్లూ ప్లేఆఫ్స్ ముందే వేసినవి, ఫలితాలే నెల తేడాతో బయటికొచ్చాయి. ఆ ఏడుగురికీ మతి పోయిందా? లేదు. వాళ్లని రెండు ప్రశ్నలు అడిగారు, రెండు జవాబులు చెప్పారు. మొదటిది, ఆ స్థానంలో అందరికంటే బాగా ఆడింది ఎవరు అని. రెండోది, అత్యంత "విలువైన" ఆటగాడు ఎవరు అని. ఆ విలువ అంటే ఏమిటో, దేనితో తూచాలో ఆ వార్తాసంస్థ ఎక్కడా చెప్పలేదు. ఎవరి తక్కెడ వాళ్లదే.

నువ్వూ మీ అన్నయ్యా ఇన్నాళ్లుగా చేస్తున్నది ఇదే. నువ్వు మొదటి ప్రశ్నకి జవాబు చెబుతున్నావు, ఆయన రెండోదానికి చెబుతున్నారు. ఇద్దరూ ఒకే ప్రశ్న మీద కొట్టుకుంటున్నామని అనుకుంటున్నారు.

ఇక్కడి ఆట తెలియనివాళ్లు కూడా ఈ శీర్షిక చదువుతారు కాబట్టి ఒక క్రికెట్ సంగతి చెబుతాను. 2016 ఐపీఎల్ గుర్తుందా? కోహ్లీ ఒక్క సీజన్లో 973 పరుగులు కొట్టాడు, నాలుగు సెంచరీలతో సహా. అంతకుముందు ఎవరూ చూడని ఆట అది. అదే ఏడాది మన సన్‌రైజర్స్‌కి వార్నర్ 848 కొట్టాడు, బ్యాటింగ్ బరువు చాలావరకు తనే మోశాడు. ఫైనల్లో బెంగళూరుని బెంగళూరులోనే 8 పరుగులతో ఓడించి కప్పు తెచ్చాడు. ఎవరు బాగా ఆడారంటే కోహ్లీ. ఎవరు లేకపోతే జట్టు కూలిపోయేదంటే, హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్ని అడిగినా వార్నర్ అనే అంటాడు. ఆ సీజన్ ఎంవీపీ మాత్రం కోహ్లీకే వెళ్లింది. ఐపీఎల్‌లో ఫోరుకి ఇన్ని పాయింట్లు, సిక్సుకి ఇన్ని, వికెట్టుకి ఇన్ని అని లెక్క కట్టి ఇచ్చేస్తారు. మనుషులు ఓటెయ్యరు. అందుకే ఐపీఎల్ ఎంవీపీ మీద తోడల్లుళ్లు మాటలు మానుకున్నారని నేనెప్పుడూ వినలేదు. ఇక్కడ మనుషులు ఓటేస్తారు కాబట్టి ఈ గొడవంతా.

మీ అన్నయ్య "దేశమంతా ఒప్పుకుంది" లాంటి మాటలు అంటుంటే దానికీ ఒక లెక్క ఉంది, విను. 2022 సీజన్ నుంచి ఓటుకి ఒక్క పేరు కాకుండా వరసగా ఐదు పేర్లు రాయమంటున్నారు. మొదటి పేరుకి 10 పాయింట్లు, తర్వాత వరసగా 5, 3, 2, 1. అలెన్‌కి మొత్తం 383, లమార్‌కి 362. తేడా 21. ఈ అంకెల్ని విడగొట్టి చూస్తే లమార్‌కి 23 మొదటి స్థానాలు, 26 రెండో స్థానాలు, ఒకే ఒక్క నాలుగో స్థానం పడ్డాయని తేలుతుంది. ఇంకోరకంగా 362 రాదు, కావాలంటే కాగితం మీద వేసి చూడు, నేను రెండుసార్లు వేశాను. అలెన్‌ని మొదట, లమార్‌ని రెండో స్థానంలో రాసిన ఒక్క మనిషి ఆ ఇద్దర్నీ తారుమారు చేస్తే తేడా 10 తగ్గుతుంది. ఇద్దరు తారుమారు చేస్తే మొదటి స్థానాలు చెరి పాతిక అవుతాయి, పాయింట్లు మాత్రం 373, 372. అప్పుడూ అలెనే గెలుస్తాడు, ఒక్క పాయింటుతో, లమార్‌ని నాలుగో స్థానంలో పెట్టిన ఆ మహానుభావుడి పుణ్యాన. ముగ్గురు మారితే మాత్రం అవార్డు మీ ఊరికి వచ్చేది. యాభై మందిలో ముగ్గురు! దీన్ని పట్టుకుని ఆయన ఏకగ్రీవంలా మాట్లాడటమూ తప్పే, నువ్వు దోపిడీలా మాట్లాడటమూ తప్పే.

ఇప్పుడు అలెన్ తరఫున ఒక పది నిమిషాలు కూర్చుందాం. మీ అన్నయ్య ఇంట్లో కూర్చున్నామనుకో.

ఆ ఏడాది ఏప్రిల్లో బఫలో బిల్స్ తమ పెద్ద రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ని హ్యూస్టన్‌కి పంపేసింది. అలెన్ విసిరే బంతుల్ని పట్టడానికి మిగిలినవాళ్లలో పెద్ద పేరున్నవాడు లేడు. సీజన్ అయ్యేసరికి బిల్స్ రిసీవర్లలో ఒక్కరూ 1,000 యార్డులు దాటలేదు. అందరికంటే ముందున్న ఖలీల్ షకీర్‌కి 821. ఆ సరుకుతో అలెన్ 13 మ్యాచ్‌లు గెలిచాడు, 4 ఓడాడు. అతని పాత జబ్బు తెలుసుగా, చెయ్యి ఊరుకోదు, ఇద్దరు డిఫెండర్ల మధ్యలోంచి విసిరేస్తాడు. 2023లో 18 ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతిని అవతలివాళ్లు పట్టేసుకోవడం) ఇచ్చినవాడు 2024లో 6 ఇచ్చాడు. సీజన్ మొత్తంలో బిల్స్ జట్టంతా కలిసి బంతిని అవతలివాళ్లకి వదులుకున్నది 8 సార్లే. ఇవన్నీ టచ్‌డౌన్ల (బంతిని చివరి గీత దాటించి చేసే స్కోరు) వరసలో కనిపించవు. మీ అన్నయ్య "ఆట చూడ్డం" అన్నది వీటి గురించే అయి ఉంటుంది, అన్న తీరు బాగోలేకపోయినా.

డిసెంబర్ 1 రాత్రి మ్యాచ్ ఒకటుంది. బఫలోలో మంచు. శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఆట. గీతలు కనిపించడం లేదు, పారలతో తోసుకుంటూ ఆడుతున్నారు. అలెన్ ఒక బంతి విసిరాడు, అమారి కూపర్ పట్టాడు, ఇద్దరు మీద పడుతుంటే పక్కకి విసిరాడు, ఆ పక్కన పరిగెత్తుకొస్తున్నది మళ్లీ అలెనే. అందుకుని మూలకి దూకాడు. ఒకే బంతికి విసిరిన టచ్‌డౌనూ అతనిదే, పట్టిన టచ్‌డౌనూ అతనిదే. ఈ లీగ్‌లో అలాంటిది చాలా అరుదు. మా ఆయన ఈగల్స్ తప్ప ఏదీ చూడని మనిషి, సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. అంతకు రెండు వారాల ముందు కాన్సస్ సిటీ వరసగా తొమ్మిది గెలిచి బఫలోకి వస్తే, చివర్లో, ఆఖరి అవకాశమైన నాలుగో ప్రయత్నంలో తనే బంతి పట్టుకుని 26 యార్డులు పరిగెత్తి వాళ్ల జైత్రయాత్ర ఆపాడు. ఓటేసే మనిషి జనవరిలో పెన్ను తీసినప్పుడు అతని కళ్ల ముందు కదిలేవి ఇవే. నువ్వు దీన్ని కథలు చూసి ఓటెయ్యడం అనొచ్చు. కొంత నిజమే.

ఇప్పుడు నీ ఇంటికి వద్దాం. ఇక్కడ ఎక్కువసేపు అక్కర్లేదు, ఎందుకంటే అంకెలే మాట్లాడతాయి. లమార్ 4,172 యార్డులు విసిరాడు, అలెన్ 3,731. విసిరిన టచ్‌డౌన్లు 41, అలెన్‌వి 28. ఇంటర్‌సెప్షన్లు 4. కాళ్లతో 915 యార్డులు, అలెన్ 531. ఒక్క సీజన్లో 4,000 విసిరి 900 పరిగెత్తినవాడు ఈ లీగ్‌లో అంతకుముందు పుట్టలేదు. విసరడానికి వేసే మార్కులు, అంటే పాసర్ రేటింగ్, లమార్‌ది 119.6, అలెన్‌ది 101.4. పరిగెత్తి చేసిన టచ్‌డౌన్లలో మాత్రం అలెన్‌వి 12, లమార్‌వి 4. అవి కలిపినా లమారే ముందు.

ఇంతవరకూ నీకు బానే ఉంది కదా. ఇప్పుడు ఒక చేదు మాత్ర. అంతకు ముందు ఏడాది, 2023లో, ఎంవీపీ లమార్‌కే వచ్చింది, యాభైలో 49 ఓట్లతో. అప్పటి అంకెలు తీసి చూడు. లమార్ విసిరినవీ పరిగెత్తినవీ కలిపి 29 టచ్‌డౌన్లు, అలెన్ 44. అలెన్‌కి వచ్చింది ఒకే ఒక్క ఓటు. ఆ ఏడాది లమార్ మనుషులంతా ఏమన్నారు? "టచ్‌డౌన్లు లెక్కపెట్టడం కాదు, జట్టుని నడిపించింది ఎవరో చూడండి, 13 మ్యాచ్‌లు గెలిపించాడు" అన్నారు. ఏడాది తిరిగేసరికి అదే పాట బఫలోవాళ్లు అందుకున్నారు, బాల్టిమోర్‌వాళ్లు టచ్‌డౌన్లు లెక్కపెట్టడం మొదలెట్టారు. మీ గ్రూపులో 2024 జనవరి, ఫిబ్రవరి దాకా పైకి జరిపి నువ్వేం పెట్టావో ఒకసారి చూసుకో. ఆయనేం పెట్టారో కూడా చూడు. మీ ఇద్దరి మాటలూ తారుమారై కనిపిస్తాయని నా అనుమానం. తక్కెడ మనది కాబట్టి రాళ్లు మార్చేస్తాం, అందరం. నేనూ మా సక్వాన్ బార్క్లీ విషయంలో మార్చాను.

అతని మాట వచ్చింది కాబట్టి, ఒక్క పేరా ఇవ్వు. బార్క్లీ రన్నింగ్ బ్యాక్, బంతి పట్టుకుని మనుషుల్ని చీల్చుకుంటూ పరిగెత్తే ఉద్యోగం. ఆ ఏడాది 2,005 యార్డులు పరిగెత్తాడు. 1984లో ఎరిక్ డికర్సన్ పెట్టిన 2,105 రికార్డుకి 100 యార్డుల దూరంలో ఉండగా, ప్లేఆఫ్స్ ముందు దెబ్బలు తగలకూడదని ఆఖరి మ్యాచ్‌లో కూర్చోబెట్టారు. ఎంవీపీ ఓట్లలో మూడో స్థానం, 120 పాయింట్లు, మొదటి ఓటు సున్నా. ఆఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అని ఇంకో అవార్డు చేతిలో పెట్టి పంపారు. 2012లో ఏడ్రియన్ పీటర్సన్ తర్వాత క్వార్టర్‌బ్యాక్ కానివాడు ఎంవీపీ మొహం చూడలేదు. ఇదే అవార్డు 1971లో డిఫెన్స్‌లో ఆడే అలన్ పేజ్‌కి ఇచ్చారు, ఆయన తర్వాత మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. 1982లో సమ్మె వల్ల సీజన్ సగానికి పడిపోతే, బంతిని కాలితో తన్నడం తప్ప ఇంకేమీ చెయ్యని మార్క్ మోస్లీకి ఇచ్చారు. ఫుట్‌బాల్ అని పేరు పెట్టి అంతా చేత్తో ఆడుకునే ఈ ఆటలో నిజంగా ఫుట్టు వాడినవాడికి ఒక్కసారైనా న్యాయం జరిగిందని నాకు ముచ్చటేస్తుంది. మావాడికి మాత్రం జరగలేదు. సరే, నా ఏడుపు నాది.

మీ వాదనలో ఇద్దరూ పక్కన పెట్టాల్సిన మ్యాచ్‌లు రెండున్నాయి. సెప్టెంబర్ 29న మీ రేవెన్స్ బఫలోని 35-10తో తొక్కేసింది, నువ్వు దాన్ని వందసార్లు ఎత్తి ఉంటావు. అది లెక్కలోదే, కానీ పదిహేడింటిలో ఒకటి, పైగా ఆ రోజు మొదటి బంతికే 87 యార్డులు పరిగెత్తి ఆట తేల్చేసింది మీ రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ. రెండోది, ఆ సంక్రాంతి వెళ్లిన ఐదు రోజులకి, జనవరి 19న బఫలోలో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్. 27-25. లమార్ రెండుసార్లు బంతి పోగొట్టాడు, చివర్లో సమం చేసే బంతి మీ మార్క్ ఆండ్రూస్ చేతుల్లోంచి జారిపోయింది. అన్నయ్య "చూశావా, ఎవరు ఎంవీపీనో తేలింది" అని ఉంటారు. అది లెక్కలోకి రాదని ఆయనకి మర్యాదగా చెప్పు. ఓట్లు అప్పటికే వేసేశారు. ఫలితం ఆ మ్యాచ్ తర్వాత ప్రకటించారు కాబట్టి జనానికి ఆ మ్యాచ్ చూసే ఇచ్చినట్టు అనిపిస్తుంది. మొదటి వారంలో వచ్చిన ఆ 41-40 అయితే వేరే సీజన్‌ది, దానికీ దీనికీ సంబంధమే లేదు. బిర్యానీ బొమ్మకి తప్ప.

నన్ను తేల్చమన్నావు కాబట్టి తేలుస్తాను, పక్కకి జారను. నాకు ఓటుంటే లమార్‌కి వేసేదాన్ని.

ఎందుకో చెబుతాను. అలెన్ తరఫున చెప్పేదంతా చివరికి ఒక్క మాట మీద నిలబడుతుంది: అతను లేకపోతే బఫలో ఏమైపోయేది? ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు. అది ఊహ. అతను లేని బఫలో ఆ ఏడాది ఆడలేదు. జరగనిదాన్ని తూచడం నాకు రాదు, జరిగినదాన్ని తూస్తాను. ఇంకొకటి, లమార్ పక్కన 1,921 యార్డులు పరిగెత్తిన హెన్రీ ఉన్నాడు కాబట్టి లమార్ విలువ తక్కువ అనే వాదన నాకు ఎప్పుడూ ఎక్కలేదు. డిఫెన్స్‌లో ప్రతివాడూ ఒక కన్ను లమార్ కాళ్ల మీద పెట్టి ఆడాల్సి వస్తుంటే హెన్రీకి దారి దొరికింది. పక్కవాడు బాగా ఆడటం కూడా ఇతని విలువలో భాగమే. మంచి కోడలు వచ్చిందని అత్తగారి వంటకి మార్కులు తగ్గిస్తామా? పైగా లమార్ 2019లో యాభైకి యాభై ఓట్లతో గెలిచినప్పటికంటే, 2023లో గెలిచినప్పటికంటే 2024లోనే బాగా విసిరాడు. "ఇప్పటికే రెండున్నాయిగా, మూడోదెందుకు, అలెన్‌కి ఒక్కటీ లేదు" అనే జాలి కొందరి పెన్నుల్ని కాస్త పక్కకి తోసి ఉంటుందని నా అనుమానం. ఎవరూ పైకి ఒప్పుకోరు.

కానీ తమ్ముడూ, నేను లమార్‌కి వేస్తానన్నంత మాత్రాన అలెన్‌కి ఇవ్వడం అన్యాయం కాదు. రెండూ వేరు. నా తక్కెడతో తూస్తే ఇతను, మీ అన్నయ్య తక్కెడతో తూస్తే అతను. పెట్టుకున్న తక్కెడ ప్రకారం ఆ 27 మందీ నిజాయితీగానే తూచారు. నువ్వు "నేనైతే అలా వెయ్యను" అనాల్సిన చోట "అన్యాయం" అన్నావు. ఆ మాటతో ఆయన గెలుపు దొంగ గెలుపైపోయింది. ఆయనకి మండింది అక్కడ. ఆట చూడ్డం రాదన్న మాట అప్పుడు పుట్టింది.

ఆ మాట ఆయన అందరి ముందూ అనడం తప్పే. పెద్దవాడు, చిన్న తోడల్లుడిని పిల్లల ముందు, అత్తమామల ముందు అలా తీసిపారెయ్యకూడదు. కాకపోతే నువ్వన్న మాట నాకు కూడా రాయలేదు చూశావా, అక్కడే అది ఏ సైజో నాకర్థమైపోయింది. ఆయన అన్నది ఆట గురించి. నువ్వన్నది ఆట గురించి కాదని పందెం కాస్తాను. ఉద్యోగం గురించో, ఇంటి గురించో, మీ అత్తగారింట్లో ఆయనకిచ్చే మర్యాద గురించో అయి ఉంటుంది. అదే నిజమైతే, వాట్సాప్‌లో దండం పెట్టే బొమ్మ పంపితే తీరదు. ఫోన్ చెయ్యి, గ్రూపులో కాదు, ఆయనకి విడిగా. "అన్నయ్యా, ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని ఒక్క ముక్క చెప్పు. లమార్ ఊసెత్తకు. ఎత్తావంటే గంటన్నర పడుతుంది, మళ్లీ మొదటికొస్తారు.

వచ్చే సీజన్‌కి ఒక పని చెయ్యండి. మొదటి మ్యాచ్‌కి ముందు చెరొక కాగితం తీసుకుని, "నా లెక్కలో ఎంవీపీ అంటే ఇది" అని మూడు ముక్కలు రాసి వదిన చేతికివ్వండి. నువ్వు అంకెలు అని రాసుకుంటే అంకెలే, ఆయన మోసిన బరువు అని రాసుకుంటే బరువే. డిసెంబర్లో ఎవరు ఏ పాట ఎత్తుకున్నా వదిన కాగితం తీసి చూపిస్తుంది. మీ ఇద్దరికీ నచ్చకపోవచ్చు, ఆవిడకి మాత్రం బాగా నచ్చుతుంది. పందెం కాసేటప్పుడు కూడా "వస్తుంది" అనా "రావాలి" అనా అన్నది అందులోనే రాయించండి.

ఇక బిర్యానీ. బాల్టిమోర్ నుంచి బఫలోకి ఎంత లేదన్నా ఆరు గంటల డ్రైవ్. చలికాలంలో వెళ్లకు, పక్కనున్న ఈరీ సరస్సు మీంచి వచ్చే మంచుకి కారు దారిలోనే ఆగిపోతుంది. వాళ్లు ప్లేఆఫ్ మ్యాచ్‌నే మంచు వల్ల ఒక రోజు వాయిదా వేసుకున్న ఊరది. ఏప్రిల్ దాటాక వెళ్లు. మటన్ మీ ఊళ్లోనే కొని, పెరుగు, అల్లంవెల్లుల్లి, మసాలా పట్టించి ఐస్ బాక్సులో పెట్టుకెళ్తే దారిపొడవునా ఊరుతుంది. ఇరవై మందికి ఐదు కిలోలైనా పట్టుకెళ్లు, తక్కువైతే దాని మీద ఇంకో పదేళ్లు మాట పడతావు. గిన్నె ఆయనింట్లో పెద్దది ఉందో లేదో ముందే వదిననడుగు. లమార్ జెర్సీ వేసుకుని వండుకో, దాన్ని ఎవరూ కాదనలేరు, పందెంలో బట్టల సంగతి లేదుగా.

రైతాకి ఉల్లిపాయలు మాత్రం అన్నయ్యనే తరగమను.

— అక్క